ఓడూలో కోర్ ముట్టుకోకుండా మార్పులు చేయడం: లోపల జరిగేదేంటి?

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లుకు ఓడూ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ పెట్టే పని ఒప్పుకున్నాం. మొదటి రోజే మిల్లు గుమస్తా తమ పాత బిల్లు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. పార్టీ పేరు, బియ్యం రకం, రేటు ఎలాగూ ఉన్నాయి. వాటి కింద లారీ నంబరు, బస్తాల లెక్క, కాటా చీటీ నంబరు, హమాలీ. "ఇవి లేకపోతే గేటు దగ్గర లారీ కదలదు సార్" అన్నాడు. ఓడూ సేల్ ఆర్డరులో, అంటే అమ్మకం ఆర్డరు ఫారంలో, ఈ నాలుగింటికీ చోటు లేదు. ఉండాలని ఆశపడటం కూడా న్యాయం కాదు. ఎక్కడి వ్యాపారమైనా వాడుకోవాలని బెల్జియంలో రాసిన మాడ్యూల్‌కు, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఒక పని చూసే భాగానికి, మన కాటా చీటీ సంగతి ఎలా తెలుస్తుంది?

అప్పటికి నాకు ఈ పని కొత్త. సర్వర్‌లోకి వెళ్లి, సేల్ మాడ్యూల్ ఫైలు తెరిచి, అందులోనే నాలుగు ఫీల్డులు (వివరాలు నింపే గడులు) రాసేశాను. అరగంటలో పని అయిపోయింది, గుమస్తా సంతోషించాడు. రెండు నెలల తర్వాత ఒక సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. సర్వర్ చూసుకునే అతను కొత్త కోడ్ దించాడు. నేను మార్చిన ఫైలు మీద అసలు ఫైలు వచ్చి కూర్చుంది. మర్నాడు పొద్దున లోడు ఎత్తిన లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, బిల్లు మీద లారీ నంబరు లేదు. ఆ పూట పడ్డ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే.

తప్పు అప్‌డేట్ చేసిన అతనిది కాదు. అప్‌డేట్ చేయడం అతని పని. నేను రాయకూడని చోట, అంటే కంపెనీ ఇచ్చిన అసలు కోడ్ అయిన కోర్‌లో, రాశాను. మరి రాయవలసిన చోటు ఏది? ఒకరు రాసిన మాడ్యూల్‌ను ముట్టుకోకుండా దాని ప్రవర్తన మార్చడం ఎలా సాధ్యం? వినడానికి చిన్న ప్రశ్నే. దీన్ని పైపైన నేర్చుకుని ఏళ్ల తరబడి పని లాగించేవాళ్లను చాలామందిని చూశాను, అందుకే కొంచెం లోతుగా రాస్తున్నాను.

అసలు కోడ్ కావాలా?

ఓడూ 2005లో టైనీఈఆర్‌పీ అనే పేరుతో మొదలైంది. ఫాబియన్ పింకార్స్ దీని వ్యవస్థాపకుడు. తర్వాత ఓపెన్ఈఆర్‌పీ అయింది, 2014లో ఓడూ అయింది. అమ్మకాలు, కొనుగోళ్లు, గోదాము, అకౌంట్లు, ఇలా ఒక్కో పనికి ఒక్కో మాడ్యూల్. కమ్యూనిటీ ఎడిషన్ ఓపెన్ సోర్స్ కాబట్టి సోర్స్ మొత్తం మన చేతిలో ఉంటుంది. ఫైలు తెరిచి మార్చేద్దామనే ఆశ పుట్టేది కూడా అందుకే. శాప్ అనే ఇంకో వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకు ఈ క్రమశిక్షణ ముందునుంచీ అలవాటు. కస్టమర్ రాసుకునే ప్రోగ్రాముల పేర్లు జడ్‌తోనో వైతోనో మొదలవ్వాలి. జడ్ ప్రోగ్రాం అనగానే అది మనదని, కంపెనీది కాదని అందరికీ తెలిసిపోతుంది. ఓడూలో అలాంటి గీత మన కళ్లకు కనపడదు. ఆ గీత మనమే గీసుకోవాలి.

కోడ్ రాసే ముందు ఒక మాట. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు ఉన్న బియ్యం సంచుల మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ తర్వాత మార్కెట్‌లోకి 26 కిలోల బస్తా వచ్చిన సంగతి బియ్యం కొనే ప్రతి ఇంట్లోనూ తెలుసు. మిల్లువాళ్లు అడిగింది సూటిగానే ఉంది: బస్తా బరువును బట్టి పన్ను మారాలి. మా కుర్రాడు వెంటనే పన్ను లెక్కించే ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేస్తానన్నాడు, అంటే దాని బదులు మన సొంతది నడిచేలా రాస్తానని. అక్కర్లేదన్నాను. 25 కిలోల బస్తా ఒక సరుకు, 26 కిలోల బస్తా ఇంకో సరుకు. దేని పన్ను దానికి పెట్టేస్తే సరిపోతుంది, ఒక్క లైను కోడ్ రాయక్కర్లేదు. రాయని కోడ్‌కు అప్‌గ్రేడ్ భయం ఉండదు. ఈ సరుకుల దగ్గరే ఒక చిక్కు ఉంది, దానికి మళ్లీ వస్తాను.

లారీ నంబరుకు మాత్రం సెట్టింగులు చాలవు. అది ఆర్డరు నుంచి ఇన్‌వాయిస్‌కు తనంతట తాను వెళ్లాలి. ఇక్కడ మాడ్యూల్ రాయాల్సిందే.

పక్కన నిలబడి చేసే పని

మనం ఒక కొత్త ఫోల్డర్ పెడతాం. 'మిల్లు సేల్' అనుకుందాం. అందులో మానిఫెస్ట్ అనే చిన్న ఫైలు ఉంటుంది. మన మాడ్యూల్ పేరేంటి, ఏ మాడ్యూళ్ల మీద ఆధారపడుతుంది, ఏయే ఫైళ్లు లోడ్ చేయాలి అన్నది అందులో రాస్తాం. ఆధారాల జాబితాలో 'సేల్' అని రాయడం చాలా ముఖ్యం. సేల్ మాడ్యూల్ ముందు లోడ్ అయ్యాకే మనది లోడ్ కావాలని ఓడూకు చెప్పేది ఆ ఒక్క మాటే.

తర్వాత పైథాన్ ఫైల్లో ఒక క్లాస్ రాస్తాం. మోడల్ అంటే ఆర్డరు, సరుకు లాంటి ఒక్కో రకం రికార్డుకు ఓడూలో ఉండే నమూనా. మన క్లాస్‌లో కొత్త మోడల్ పేరు ఇవ్వం. ఇన్‌హెరిట్ అనే చోట సేల్ ఆర్డర్ మోడల్ పేరు రాస్తాం, కింద లారీ నంబరు ఫీల్డు రాస్తాం. (కోడ్‌లో ఇన్‌హెరిట్ ముందు ఒక అండర్‌స్కోర్ ఉంటుంది. చదవడానికి వీలుగా దాన్ని వదిలేస్తున్నాను.) అంతే. మాడ్యూల్ ఇన్‌స్టాల్ చేయగానే డేటాబేస్‌లో సేల్ ఆర్డర్ టేబుల్‌కు ఒక కాలమ్ అదనంగా వస్తుంది. కొత్త టేబుల్ రాదు. పాత ఆర్డర్లన్నీ అలాగే ఉంటాయి, వాటిలో లారీ నంబరు ఖాళీగా ఉంటుంది.

ఇక్కడ లోపల జరిగేది తెలుసుకుంటే మిగతా చిక్కుల్లో సగం వాటంతట అవే విడిపోతాయి. ఓడూ ఒక్కో డేటాబేస్‌కు విడిగా రిజిస్ట్రీ తయారుచేసుకుంటుంది. ఆ డేటాబేస్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న మాడ్యూళ్లలో సేల్ ఆర్డర్ గురించి ఎవరెవరు ఏమేం రాశారో ఆ ముక్కలన్నీ పోగు చేసి, ఒకే క్లాస్‌గా కూరుస్తుంది. అంటే మనం వాడే సేల్ ఆర్డర్ ఏ ఒక్క ఫైల్లోనూ పూర్తిగా ఉండదు. సర్వర్ లేచినప్పుడు అప్పటికప్పుడు తయారవుతుంది. ఒకే సర్వర్ మీద మిల్లు డేటాబేస్, ఎరువుల కొట్టు డేటాబేస్ రెండూ ఉన్నా మిల్లు ఆర్డరులోనే లారీ నంబరు కనపడుతుంది, ఎరువుల కొట్టుకు అది ఉన్నట్టే తెలియదు. పైథాన్ వచ్చు కదా అని కొందరు మాడ్యూల్ బయటినుంచే క్లాస్ ఫంక్షన్‌ను నేరుగా మార్చేస్తారు, మంకీ ప్యాచ్ అంటారు దాన్ని. అది ఆ సర్వర్ ప్రాసెస్‌లో ఉన్న అన్ని డేటాబేస్‌లకూ తగులుతుంది, మన మాడ్యూల్ ఇన్‌స్టాల్ చేసుకోనివాళ్లకు కూడా.

ఇప్పుడు లారీ నంబరు ఇన్‌వాయిస్‌కు వెళ్లాలి. సేల్ ఆర్డర్‌లో ప్రిపేర్ ఇన్‌వాయిస్ అనే ఫంక్షన్ ఉంది. ఇన్‌వాయిస్‌లో ఏ ఫీల్డులో ఏ విలువ పెట్టాలో ఒక డిక్షనరీగా, అంటే పేర్లు, వాటి విలువల జాబితాగా, కట్టి ఇవ్వడమే దాని పని, ఇన్‌వాయిస్‌ను అది తయారుచేయదు. ఓడూ రాసినవాళ్లు ఈ పనిని కావాలనే విడదీసి పెట్టారు, మనలాంటివాళ్లు వచ్చి ఇక్కడ చెయ్యి కలపాలని. మన క్లాస్‌లో అదే పేరుతో ఫంక్షన్ రాస్తాం. మొదటి లైనులో సూపర్‌ను పిలుస్తాం, అంటే ముందునుంచీ ఉన్న ఫంక్షన్‌ను నడిపిస్తాం, పాత డిక్షనరీ మన చేతికి వస్తుంది. రెండో లైనులో లారీ నంబరు అందులో కలుపుతాం. మూడో లైనులో డిక్షనరీని వెనక్కి ఇస్తాం. ఇన్‌వాయిస్ వైపు కూడా, అంటే అకౌంట్ మూవ్ మోడల్‌కు, అదే ఫీల్డు కలిపి ఉండాలి. లేకపోతే ఆ విలువ కూర్చోవడానికి చోటు ఉండదు.

ఆ మూడు లైన్లలో ఏది తప్పిపోయినా ఏమవుతుందో చూడండి. మూడోది మర్చిపోతే ఫంక్షన్ ఖాళీ చెయ్యి చూపిస్తుంది, మన పైన ఇంకో మాడ్యూల్ ఉంటే అది ఆ ఖాళీలో తన విలువ కలపబోయి పడిపోతుంది. రెండోది తప్పితే లారీ నంబరు ఒక్కటే రాదు, మనకు వెంటనే తెలుస్తుంది. ప్రమాదమంతా మొదటి లైనులో ఉంది.

సూపర్ పిలవకపోతే

సూపర్ అంటే పేరెంట్ క్లాస్‌ను పిలవడమని పాఠాల్లో చెబుతారు. ఓడూలో అలా అనుకుంటే మోసపోతాం. ముక్కలన్నీ ఒకే క్లాస్‌గా కూర్చారు కదా, సూపర్ అంటే ఆ వరసలో మన తర్వాతి వారిని పిలవడం. ఆ తర్వాతివారు అసలు సేల్ మాడ్యూలే కానక్కర్లేదు. గోదాము మాడ్యూల్ కావచ్చు, మనం పేరైనా వినని వేరే కంపెనీ మాడ్యూల్ కావచ్చు. మనం కోడ్ రాసేనాటికి అది పుట్టి కూడా ఉండకపోవచ్చు.

ఒక నిజమైన సందర్భం. ఒక ట్రేడర్‌కు బాకీ హద్దు దాటితే ఆర్డరు ఆపాలని ఎవరో మాడ్యూల్ రాసి ఇచ్చారు. ఆర్డరు కన్ఫర్మ్ అయ్యేటప్పుడు లోపల నడిచే ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేశారు. సేల్ మాడ్యూల్‌లో ఆ ఫంక్షన్‌లో ఉన్న లైన్లను కాపీ చేసుకుని, పైన బాకీ చెక్ కలిపి, సూపర్ లేకుండా వదిలేశారు. వాళ్ల టెస్ట్ డేటాబేస్‌లో సేల్ ఒక్కటే ఉంది, అంతా బాగా పనిచేసింది. ట్రేడర్ దగ్గర గోదాము మాడ్యూల్ కూడా ఉంది. సేల్‌కు, గోదాముకు మధ్య సేల్ స్టాక్ అనే మాడ్యూల్ ఉంటుంది. ఆర్డరు కన్ఫర్మ్ కాగానే గోదాములో డెలివరీ తయారు చేయించే పని దానిది, అది కూడా సరిగ్గా ఇదే ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేసి ఆ పని చేయిస్తుంది. బాకీ మాడ్యూల్ వరసలో ముందు నిలబడి సూపర్ పిలవకపోవడంతో సేల్ స్టాక్ వంతు ఎప్పుడూ రాలేదు.

ఎర్రర్ ఏమీ రాలేదు. ఆర్డరు ఆకుపచ్చగా కన్ఫర్మ్ అయింది. గోదాములో మాత్రం చీటీ రాలేదు. సేల్స్ వాళ్లు గోదామువాళ్లను తిట్టారు, గోదామువాళ్లు సిస్టమ్‌ను తిట్టారు. కారణం దొరకడానికి నాకు ఒక రోజంతా పట్టింది. సరిచేయడానికి పట్టింది ఒక్క లైను. కాపీ చేసిన లైన్లన్నీ తీసేసి, బాకీ చెక్ అయ్యాక సూపర్‌ను పిలిచి, అది ఇచ్చిన విలువను వెనక్కి ఇచ్చాను.

అందుకే నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు ఒకటే చెబుతాను. మీ మాడ్యూల్ ఒక్కటే ఉన్నట్టు ఎప్పుడూ రాయకండి. పెళ్లి పంక్తిలో వడ్డిస్తున్నట్టు అనుకోండి. మీ చేతిలోని కూర వడ్డించి గిన్నె పక్కవాడికి అందించాలి. మీరు అక్కడే ఆపేస్తే పంక్తి చివర కూర్చున్నవాళ్ల విస్తరి ఖాళీగా ఉంటుంది, వాళ్లకు ఎందుకు రాలేదో కూడా తెలియదు. సూపర్‌ను పిలవకూడని సందర్భాలు లేకపోలేదు, ఒక ప్రవర్తనను పూర్తిగా మార్చేయాల్సిన చోట. పదేళ్లలో అలాంటివి నాకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని తగిలాయి, ప్రతిదాని పక్కన ఎందుకు పిలవలేదో రెండు లైన్ల కామెంట్ రాసి పెట్టాను.

ఇంకో పక్క ఫ్రాపే ఉంది. ఓడూ లాంటిదే అయిన, ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్‌కు పునాది ఈ ఫ్రేమ్‌వర్కే. అందులో హుక్స్ అనే ఫైల్లో ఫలానా డాక్యుమెంట్ సేవ్ అయినప్పుడు ఫలానా ఫంక్షన్ నడపమని రాస్తాం. ఎన్ని యాప్‌లు రాసినా అన్నీ నడుస్తాయి. కానీ అదే ఫైల్లో డాక్‌టైప్ (ఓడూలో మోడల్ లాంటిది) క్లాస్‌నే ఓవర్‌రైడ్ చేసే దారి కూడా ఉంది. ఆ దారిలో రెండు యాప్‌లు ఒకే క్లాస్‌ను పట్టుకుంటే చివరిది ఒక్కటే నిలుస్తుంది. వరస కట్టి అందరికీ వంతు ఇచ్చే ఓడూ పద్ధతికి, చివరివాడిదే గెలుపు అనే ఈ పద్ధతికి తేడా తెలియకుండా ఇక్కడి అలవాటు అక్కడికి తీసుకెళ్తే దెబ్బ తింటాం.

ఒకే మాట, మూడు అర్థాలు

ఇన్‌హెరిట్ అనే మాటతో ఓడూలో మూడు వేర్వేరు పనులు జరుగుతాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మొదటిది పైన చూసిందే. కొత్త పేరు ఇవ్వకుండా ఇన్‌హెరిట్ రాస్తే ఉన్న మోడల్‌కే గది కట్టినట్టు. రెండోది, కొత్త పేరు కూడా ఇచ్చి ఇన్‌హెరిట్ రాయడం. అప్పుడు పాత మోడల్‌లో ఉన్నవన్నీ తెచ్చుకుని కొత్త మోడల్ తయారవుతుంది, దాని టేబుల్ వేరు. పాతది కదలదు. దీన్ని మనం రోజూ వాడేది మిక్సిన్ల కోసం, అంటే ఏ మోడల్‌కైనా తగిలించుకోగలిగే రెడీమేడ్ ముక్కల కోసం. కాటా చీటీ అనే మోడల్ కొత్తగా పెట్టి, మెయిల్ థ్రెడ్ మిక్సిన్‌ను ఇన్‌హెరిట్ చేస్తే చాలు, చీటీ కింద సంభాషణల పెట్టె వచ్చేస్తుంది. బరువు ఫీల్డుకు ట్రాకింగ్ పెడితే ఎవరు ఎప్పుడు ఎంతనుంచి ఎంతకు మార్చారో అక్కడ పడుతుంది. కాటా దగ్గర గొడవ వచ్చినప్పుడు ఆ చిన్న లైను విలువేంటో మిల్లువాళ్లకు బాగా తెలుసు.

కొత్త పేరు అక్కర్లేని చోట పొరపాటున రాసినా, రాయాల్సిన చోట మానేసినా ఈ రెండు పద్ధతులూ ఒకదానికొకటి మారిపోతాయి. సేల్ ఆర్డర్‌కు ఫీల్డు కలపబోయి ఇంకో పేరు ఇచ్చేస్తే ఎర్రర్ లేకుండా పక్కన వేరే టేబుల్ పుడుతుంది. ఫీల్డు కనపడట్లేదేంటని స్క్రీన్ వైపు చూస్తూ గంటలు గడిపినవాళ్లను ఎరుగుదును.

మూడోది చివర ఎస్ కలిపిన ఇన్‌హెరిట్స్. ఇక్కడ కాపీ జరగదు, గది కట్టడమూ లేదు. ఒక రికార్డు ఇంకో రికార్డును పట్టుకుని, దాని ఫీల్డులను తనవిగా చూపిస్తుంది. యూజర్ మోడల్ ఇలాగే ఉంటుంది. యూజర్ పేరు, ఈమెయిల్ నిజానికి యూజర్ టేబుల్‌లో ఉండవు, వెనకున్న పార్ట్‌నర్ (మనుషుల, కంపెనీల వివరాలు ఉండే) రికార్డులో ఉంటాయి. ఫీల్డులే వస్తాయి, ఫంక్షన్లు రావు.

ఇప్పుడు బస్తాల చిక్కు దగ్గరికి వద్దాం. ఓడూలో సరుకు రెండు అంచెల్లో ఉంటుంది. పైన ప్రొడక్ట్ టెంప్లేట్, కింద ప్రొడక్ట్ వేరియంట్. వేరియంట్ తన టెంప్లేట్‌ను ఇన్‌హెరిట్స్ ద్వారా పట్టుకుని ఉంటుంది. సోనామసూరి అనే ఒక సరుకు పెట్టి, బరువు అనే లక్షణం కింద 25, 26 అని రెండు వేరియంట్లు పెట్టడం ఎవరికైనా మొదట తోచే పద్ధతి. మా కుర్రాడు అలాగే పెట్టాడు. తర్వాత 26 కిలోల వేరియంట్ తెరిచి పన్ను తీసేశాడు. కాసేపటికి చూస్తే 25 కిలోలదానికి కూడా పన్ను పోయింది. మళ్లీ పెడితే రెండింటికీ వచ్చింది. కంప్యూటర్ పిచ్చిదనుకున్నాడు పాపం. పన్ను ఫీల్డు ఉండేది టెంప్లేట్ మీద. వేరియంట్ స్క్రీన్‌లో కనపడేది టెంప్లేట్ పన్నే, అక్కడ మారిస్తే మారేది టెంప్లేట్‌లోదే. రెండు వేరియంట్లకూ టెంప్లేట్ ఒక్కటే కాబట్టి పన్నూ ఒక్కటే. అందుకే 25 కిలోల సోనామసూరి, 26 కిలోల సోనామసూరి రెండు వేర్వేరు సరుకులుగా, రెండు టెంప్లేట్లుగా ఉండాలి. ఇన్‌హెరిట్స్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు, తెలియనివాడు పన్ను ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేసి ఇంకో మాడ్యూల్ నెత్తిన పెట్టుకుంటాడు.

స్క్రీన్ మీద చోటు

ఫీల్డు డేటాబేస్‌లో ఉంటే చాలదు, ఫారంలో కనపడాలి. ఓడూ ఫారం ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది. దాన్ని కూడా ముట్టుకోం. మన వ్యూ (స్క్రీన్ అమరిక) ఫలానా వ్యూ మీద ఆధారపడిందని చెప్పి, ఎక్స్‌ఎంఎల్‌లో చోటు చూపే ఎక్స్‌పాత్‌తో ఒక ఆనవాలు చూపించి, దాని ముందో వెనకో లోపలో మన ఫీల్డు పెట్టమంటాం. చెల్లింపు గడువు ఫీల్డు తర్వాత లారీ నంబరు పెట్టు, ఇలా.

ఆనవాలు ఎలా చెబుతామన్నదే ఇక్కడ కీలకం. 'చెల్లింపు గడువు అనే పేరున్న ఫీల్డు' అంటే అది ఫారంలో ఎక్కడికి జరిగినా దొరుకుతుంది. 'రెండో గ్రూపులో మూడో ఫీల్డు' అంటే, పైన ఇంకో మాడ్యూల్ ఒక ఫీల్డు దూర్చగానే మన లారీ నంబరు ఎక్కడో తేలుతుంది. మర్రిచెట్టు పక్క ఇల్లు అని చెప్పడానికి, ఎడమ పక్క నాలుగో ఇల్లు అని చెప్పడానికి ఉన్న తేడానే. మధ్యలో ఎవరైనా కొత్త ఇల్లు కడితే రెండో గుర్తు పనికిరాదు.

ఇక రీప్లేస్, అంటే ఉన్నదాన్ని తీసేసి దాని చోట వేరేది పెట్టడమో, ఖాళీగా వదలడమో. ఒక ఫీల్డు వద్దని దాన్ని తీసేస్తే, ఆ ఫీల్డునే ఆనవాలుగా పెట్టుకున్న ఇతర మాడ్యూళ్లు దారి తప్పుతాయి. పేరెంట్ వ్యూలో ఆ ఎలిమెంట్ దొరకలేదని ఎర్రర్ ఇచ్చి ఇన్‌స్టాలేషనే ఆగిపోతుంది. వద్దనుకున్న ఫీల్డును తీసేయడం కంటే కనపడకుండా దాచడం మేలు. నేను ఇతరుల కోడ్ రివ్యూ చేసేటప్పుడు రీప్లేస్ కనపడితే కారణం అడగకుండా ముందుకు వెళ్లను.

రెండిటి మధ్య అతుకు

కొన్నాళ్లకు మిల్లువాళ్లు ధాన్యం కొనుగోళ్లు కూడా ఓడూలోకి తెచ్చారు. ధాన్యం లారీకి కూడా కాటా చీటీ ఉంటుంది. అప్పటికి మా మిల్లు సేల్ మాడ్యూల్ ఇంకో ఊళ్లో పప్పుల వ్యాపారికి కూడా పెట్టాం, ఆయన అమ్మకాలకు మాత్రమే ఓడూ వాడతాడు. ఆ మాడ్యూల్ ఆధారాల్లో కొనుగోళ్ల మాడ్యూల్ కూడా రాసేస్తే ఆయనకు అక్కర్లేని మెనూలన్నీ వచ్చి పడతాయి.

దీనికి దారి ఓడూ కోర్‌లోనే ఉంది. ఇందాక చెప్పిన సేల్ స్టాక్‌నే చూడండి. సేల్‌కు గోదాము తెలియదు, గోదాముకు సేల్ తెలియదు. రెండూ ఉన్నప్పుడు మాత్రమే అవసరమయ్యే కోడ్ మూడో మాడ్యూల్‌లో ఉంది. దాని మానిఫెస్ట్‌లో ఆటో ఇన్‌స్టాల్ అని రాసి ఉంటుంది. ఆధారాలన్నీ డేటాబేస్‌లోకి రాగానే అది తనంతట తాను ఇన్‌స్టాల్ అవుతుంది. సేల్‌ను, కాబోయే కస్టమర్లను చూసుకునే సీఆర్‌ఎమ్‌ను కలిపే సేల్ సీఆర్‌ఎమ్ కూడా అంతే. మేము కూడా కాటా చీటీని ఒక మాడ్యూల్‌గా విడదీశాం. అమ్మకాలతో దాన్ని కలిపేది ఒకటి, కొనుగోళ్లతో కలిపేది ఒకటి, ఆటో ఇన్‌స్టాల్ పెట్టి రాశాం. పప్పుల వ్యాపారికి రెండోది ఎప్పటికీ కనపడదు. ఒకరు రాసినది ఇంకొకరు వాడుకోవాలంటే అది చిన్నగా ఉండాలి, అనవసరమైన బరువు మోయకూడదు. ఓడూ కమ్యూనిటీ అసోసియేషన్ వాళ్ల మాడ్యూళ్లు తెరిచి చదివితే ఈ పద్ధతి బాగా ఒంటబడుతుంది. నేను నేర్చుకున్నది ఎక్కువ భాగం అక్కడే.

ఏటా వచ్చే పరీక్ష

ఓడూ ఏటా ఒక పెద్ద వెర్షన్ తెస్తుంది, చివరి మూడు వెర్షన్లకు సపోర్ట్ ఇస్తుంది. కోర్ ముట్టుకోకుండా రాశాం కదా, అప్‌గ్రేడ్‌కు ఇక దిగులు లేదని అనుకుంటే పొరపాటు. మనం పట్టుకున్న కొమ్మే పోవచ్చు. 2019లో వచ్చిన 13వ వెర్షన్‌లో ఇన్‌వాయిస్‌కు విడిగా ఉన్న మోడల్‌ను తీసేసి అకౌంట్ మూవ్‌లో కలిపేశారు. పాత ఇన్‌వాయిస్ మోడల్‌ను ఇన్‌హెరిట్ చేసిన ప్రతి మాడ్యూల్‌నూ తిరిగి రాయాల్సి వచ్చింది. 2023లో 17వ వెర్షన్‌లో వ్యూలలోని అట్రిబ్యూట్ల పాత పద్ధతి పోయింది, ఫీల్డును ఎప్పుడు దాచాలో నేరుగా రాయాలి. 2024లో 18వ వెర్షన్‌లో ట్రీ అనే ట్యాగ్ లిస్ట్ అయింది. చిన్నవే, కానీ వందల ఫైళ్లలో ఉంటాయి.

సూపర్ పిలిచి రెండు లైన్లు కలిపిన మాడ్యూళ్లు ఇలాంటి మార్పులను తొందరగా దాటుతాయి. కోర్ ఫంక్షన్‌ను మొత్తం కాపీ చేసి మధ్యలో ఒక్క లైను మార్చినవే పీకల మీదికి తెస్తాయి. అవి పాత వెర్షన్ కోడ్‌ను కొత్త వెర్షన్‌లో నడుపుతూ ఉంటాయి. కోర్‌లో ఆ ఫంక్షన్‌లో సరిచేసిన తప్పులేవీ వాటికి అందవు. కావలసిన చోట చిన్న ఫంక్షన్‌గా విడదీసి లేనప్పుడు కాపీ చేయక తప్పని సందర్భం వస్తుంది, కాదనను. అప్పుడు ఏ వెర్షన్ నుంచి కాపీ చేశామో, ఏ లైను మార్చామో పైన రాసి పెట్టాలి. కుదిరితే ఆ ఫంక్షన్‌ను విడదీయమని ఓడూకే ప్యాచ్ పంపాలి.

ఇంకొక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన మాడ్యూల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అది తెచ్చిన కాలమ్‌లు, వాటిలోని డేటాతో సహా పోతాయి. ఎర్రర్ వస్తోందని, ఒకసారి తీసేసి మళ్లీ పెట్టి చూద్దామని ఎవరైనా లైవ్ డేటాబేస్‌లో ప్రయత్నిస్తే ఏడాది లారీ నంబర్లు ఒక్క క్లిక్‌తో వెళ్లిపోతాయి. ప్రయత్నమేదైనా కాపీ డేటాబేస్ మీదే.

ఇప్పుడు మిల్లు సేల్ మాడ్యూల్‌కు ఒక టెస్టు ఉంది. ఒక ఆర్డరు తయారుచేసి లారీ నంబరు రాస్తుంది, కన్ఫర్మ్ చేస్తుంది, డెలివరీ వచ్చిందా అని చూస్తుంది, ఇన్‌వాయిస్ చేసి దాని మీద అదే నంబరు ఉందా అని చూస్తుంది. మామూలుగా ఓడూ టెస్టులు ఆ మాడ్యూల్ లోడ్ అయిన వెంటనే నడుస్తాయి, అప్పటికి తర్వాతి మాడ్యూళ్లు రిజిస్ట్రీలోకి వచ్చి ఉండవు. అలా నడిపితే బాకీ మాడ్యూల్ లాంటిది చేసే అన్యాయం బయటపడదు. అందుకే మా టెస్టుకు పోస్ట్ ఇన్‌స్టాల్ అనే గుర్తు పెట్టాం. డేటాబేస్‌లో ఉన్న మాడ్యూళ్లన్నీ వచ్చి కూర్చున్నాకే అది నడుస్తుంది. మిల్లులో ఏ అప్‌డేట్ చేయాలన్నా ముందు రోజు రాత్రి కాపీ డేటాబేస్ మీద ఈ టెస్టు నడుపుతాం. అది పాసైతేనే పొద్దున గేటు తెరిచేలోపు లైవ్‌లోకి వెళ్తుంది.